కొండ లేని చోట కొండ సైకిలు

పది నిమిషాల్లో వచ్చేస్తానని సైకిలెక్కిన పిల్ల ఇరవై నిమిషాలైనా రాలేదు. షాపాయన మాత్రం ఏమీ ఎరగనట్టు ఎవరిదో పాత సైకిలు తలకిందులుగా నిలబెట్టి చైనుకి నూనె పెడుతున్నాడు, పెడల్ని చేత్తో తిప్పుతుంటే వెనక చక్రం టకటకమంటోంది, ఆ టకటకకి భవానీదేవి గుండె కూడా జత కలిసింది. అమలాపురం గడియార స్తంభం దగ్గర్నుంచి నాలుగడుగులు లోపలికి ఈ కొట్టు. ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మీద తను, ఒళ్ళో దుర్గాశ్రీ బ్యాగు, బ్యాగు మీద దుర్గాశ్రీ ఫోను, ఫోను మీద తన చెయ్యి. ఫోను తీసుకెళ్ళవే అంటే జేబు లేదమ్మా అంది. బ్యాగు తగిలించుకో అంటే బరువుతో తొక్కితే సైకిలు సంగతి తెలీదమ్మా అంది. అన్నిటికీ జవాబుంటుంది దీని దగ్గర, జవాబులు అంత సిద్ధంగా ఉన్నాయంటే ముందే తయారు చేసుకుని వచ్చిందన్నమాట. అదలా ఉంచి, పదహారు వేల సైకిలు ముక్కూ మొహం తెలియని పిల్ల చేతికిచ్చి అలా తొక్కి రండమ్మా అనడమేమిటి ఈ కామేశ్వరరావు? ఆధార్ కార్డు అడగలేదు, అడ్వాన్సు అడగలేదు. ఎందుకడుగుతాడు, తల్లిని స్టూలు మీద కూర్చోబెట్టుకున్నాడుగా. తాకట్టు తనే. మధ్యలో ఒకసారి మజ్జిగ తెప్పించమంటారా అక్కయ్యగారూ అని కూడా అడిగాడు, తాకట్టు వస్తువు మీద దుమ్ము దులిపినట్టు. వద్దంది. అందులో ఏం కలుస్తుందో ఎవరికి తెలుసు.

అసలు తప్పు తనలోనే ఉంది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం, అది చూసుకునే ఇంట్లో బయల్దేరింది, పదింటికల్లా కొట్లో ఉండి పదింబావుకి డబ్బు చేతిలో పెట్టేయాలనుకుంది. భట్నవిల్లి దగ్గర అరటి గెలల లారీ అడ్డం తిరిగి బస్సు ఆగిపోయింది, గుమ్మం తొక్కేసరికి పదీ ముప్పై ఐదు. అప్పుడు తనే అంది, డబ్బు పన్నెండు దాటాకే ఇస్తామండి, ఈలోగా చూస్తూంటాం అని. పిల్ల నవ్వింది. అయితే ఈలోగా నేను తొక్కి చూస్తానమ్మా అంది. సరే అంది తను. తన నోటితోనే అంది. నోట్ల కట్టకి రాహుకాలం చూసుకున్న మనిషి కన్నపిల్లకి చూసుకోలేదు, పర్సులోంచి రూపాయి కదలకూడని ఘడియలో పిల్ల మాత్రం కొత్త చక్రాలెక్కి నల్లవంతెన వైపు మలుపు తిరిగిపోయింది, తిరిగిపోయాక గాని ఈ సంగతి తలకెక్కలేదు. ఎవరితో చెప్పుకుంటుంది? కువైట్‌లో బండి తోలుకుంటున్న మొగుడు సత్తిబాబుకి చెబితే, నీ క్యాలెండరు తగలెయ్య, అది రోడ్డు మీద ఉందా క్యాలెండరులో ఉందా అని నవ్వుతాడు. ఆయన నవ్వుతాడు, ఎందుకు నవ్వడు, అక్కడ కూర్చుని డబ్బు పంపేసి కొనిపెట్టెయ్యి పాపం అంటాడు. రేపేదన్నా అయితే జవాబు చెప్పుకోవలసింది ఇక్కడున్న తను.

గోడకి వరసగా తగిలించిన సైకిళ్ళకేసి చూసింది. కొండ సైకిళ్ళట. దుర్గాశ్రీ పది రోజుల్నుంచి ఫోనులో ఇవే చూస్తోంది, అన్నం ముందు కూడా. కొండ సైకిలెందుకే, మన కోనసీమ మొత్తం వెతికినా ఇసక దిబ్బ తప్ప ఎత్తు లేదు, కొబ్బరి చెట్టెక్కుతావా దాంతో అని అడిగితే, పేరు కొండదమ్మా, తొక్కేది బురదలో అంది. పేరొకటీ పని ఒకటీ ఉన్న వస్తువుని ఎలా నమ్మడం? మొదట ఆ అనుమానమే వచ్చింది, కొండ సైకిలు కొంటున్నారంటే ఎక్కడికో కొండల్లోకి వెళ్ళే ఆలోచన ఉండే ఉంటుంది, ఒక్కతే వెళ్ళదు, ఇంకెవరో ఉంటారు. అడిగితే నవ్వింది. ఆ నవ్వు సత్తిబాబుది. ఆ తర్వాత సైకిలునే చూసింది, చూసినకొద్దీ ఏదో ఒకటి తక్కువ. స్టాండు లేదు. క్యారియరు లేదు. మడ్‌గార్డులు లేవు. చైను మీద కవరు లేదు, చున్నీ ఒక్కసారి చిక్కుకుందంటే చాలు. బెల్లు కూడా లేదు, అదీ కొనుక్కోవాలట. ఇన్ని తీసేసి ధర పెంచేరు, పైగా గేర్లు ఇరవై ఒకటట, కారుకే అయిదు. అన్నిటికన్నా పెద్ద అనుమానం ఆ స్ప్రింగు. ముందు చక్రానికి లావుపాటి స్ప్రింగు గొట్టాలు రెండున్నాయి, వెనకేమీ లేదు, ఉత్త ఇనుప కడ్డీలు. సగం చేసి వదిలేసినట్టు. అటువైపు మూల తొమ్మిది వేలదొకటి ఉంది, దానికి ముందూ వెనకా రెండు చోట్లా స్ప్రింగు. అదే అడిగింది ఇందాక.

"తక్కువ ధరదానికి రెండు స్ప్రింగులుండి ఎక్కువ ధరదానికి ఒకటే ఉండడమేంటండీ? మాకు సగం సైకిలు అంటగడుతున్నారా?"

"అయ్యయ్యో, లేదండి అక్కయ్యగారూ," అన్నాడు కామేశ్వరరావు. "దీన్ని హార్డ్‌టెయిల్ అంటారండి. వెనక స్ప్రింగుండదు, ఉండకూడదు కూడానండి. ఈ ధరలో వెనక స్ప్రింగంటే చూపుకేనండి. తొక్కిన బలమంతా అదే మింగేసి ఊగుతా ఉంటాది, ముందుకెళ్ళదు. మంచి వెనక స్ప్రింగు కావాలంటే లక్షలండి."

"మరి అదెందుకమ్ముతున్నారు?"

"కొనేవాళ్ళున్నారు కదండీ," అని నవ్వాడు. "రెండు స్ప్రింగులు కనపడితే గాని ఊరుకోరండి కొంతమంది."

ఆ కొంతమందిలో తననీ కలిపాడని అర్థమైంది. అప్పుడే ఇతన్ని నమ్మకూడదనుకుంది. చవకదాన్ని వద్దని ఖరీదైనదాన్ని చూపించే వ్యాపారస్తుడు నిజం చెబుతున్నాడంటే నమ్మేదెవరు? కానీ చవకదాన్ని చూపించి ఉంటే, పాడైపోయినది వదిలించుకుంటున్నాడనుకునేది. అదీ తెలుసు తనకి. తెలిసి కూడా అనుమానం ఆగదు, దగ్గులాంటిది, ఆపుకుందామనుకున్నకొద్దీ ఎక్కువవుతుంది.

ఇంకోటీ తెలుసు, దాన్ని ఈ స్టూలు మీద ఒంటరిగా కూర్చున్నప్పుడు గాని ఒప్పుకోదు. ఈ సైకిలు కొనడం తనకి ఇష్టం లేదు. ఏ సైకిలూ ఇష్టం లేదు. ముమ్మిడివరంలో చూసినదానికి పెయింటు లేచిపోయిందంది. రావులపాలెంలో చూసినదానికి హ్యాండిలు వెడల్పుగా ఉంది, ఎదుటి లారీకి తగులుతుందంది. ఇది మూడో కొట్టు. సోమవారం నుంచి ఉద్యోగం, కాట్రేనికోన అవతల రొయ్యల చెరువుల కంపెనీలో, సొంత వాహనం ఉండాలని కాగితంలో రాసేరు. స్కూటీ ఆ గట్ల మీద కూరుకుపోతుందట, సైకిలైతేనే తిరుగుతుందట. ఆక్వా చదివిన పిల్ల గట్టు గట్టుకీ తిరిగి రొయ్యలు మేత తిన్నాయో లేదో, నీళ్ళు ఎలా ఉన్నాయో చూసి రాసుకోవాలట. వద్దని తను ఒక్కమాటైనా అనలేదు. వద్దంటే పోట్లాడుతుంది, పోట్లాడి గెలుస్తుంది. సైకిలు దొరక్కపోతే ఎవరి మీదా తప్పుండదు. సోమవారం దాటిపోతే ఆ ఉద్యోగం ఇంకెవరో ఎగరేసుకుపోతారు, పిల్ల నాలుగు రోజులు మూతి ముడుచుకుంటుంది, తర్వాత ఫ్యాను కింద కూర్చునే పని ఏదో దొరుకుతుంది. అంచేత వంకలు వెతుకుతోంది, పైగా ప్రేమగా వెతుకుతోంది, ప్రతి నట్టూ తడిమి చూసి మరీ. కామేశ్వరరావుని మోసగాడని అనుకుంటోందే గాని, ఈ కొట్లో మోసం చేస్తున్నది ఎవరని అడిగితే తను చెయ్యెత్తాలి.

ఇరవై అయిదు నిమిషాలు. గుమ్మం దాకా వెళ్ళి చూసింది. ఆటోలు, కొబ్బరి లారీ, స్కూలు బస్సు, తెల్ల చుడీదారు వేసుకున్న ప్రతి పిల్లా దుర్గాశ్రీలాగే కనబడి దగ్గరికొచ్చాక ఇంకెవరో అయిపోతోంది. నల్లవంతెన దగ్గర కాలవ నిండుగా ఉంటుందిప్పుడు, రెయిలింగు ఎంతెత్తుందో గుర్తు రాలేదు. కాలవ గుర్తొస్తే చెరువులు గుర్తొచ్చాయి, చెరువులు గుర్తొస్తే ఇక ఆ రోజు రాకుండా ఉండదు. తొంభై ఆరు తుపాను నాటికి తను ఏడో తరగతి. నాన్న కాట్రేనికోన వైపే రొయ్యల చెరువుకి కాపలా ఉండేవాడు, మధ్యాహ్నం గాలి మొదలైతే ఇంజను కట్టేసొస్తానని సైకిలు మీద వెళ్ళేడు. మూడో రోజుకి సైకిలు దొరికింది. తాడిచెట్టు మొదలుకి చుట్టుకుని, హ్యాండిలు వంకరపోయి, సీటు కింద పెట్టుకునే గుడ్డముక్క అలాగే ఉండి. సైకిలే దొరికింది. అమ్మ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, తుప్పు పట్టి చివరికి తనంత తనే విరిగిపోయేదాకా పెరట్లో ఉంది. బడికి కాలవ దాటి వెళ్ళాలని అమ్మ తనని బడి మానిపించింది. అప్పుడు ఎంతో ఏడ్చింది. ఇప్పుడు దుర్గాశ్రీ వెనక నిలబడి చూస్తే అమ్మ చేసినదాంట్లో తప్పు కనిపించదు, కనిపించకపోవడమే భయంగా ఉంటుంది.

కూర్చుంది. పిల్ల ఏదో దాస్తోంది, అది మాత్రం ఖాయం. నెలరోజుల్నుంచి అమలాపురంలో కంప్యూటరు క్లాసని పొద్దున్నే ఆరున్నర బస్సెక్కుతోంది. క్లాసు నుంచి వచ్చే పిల్ల చెప్పుల మీద తెల్లటి ఉప్పు చారెందుకుంటుంది? కంప్యూటర్లకి చెమట పడుతుందా? జుట్టులో నీచు వాసనెందుకుంటుంది? చుడీదారు బకెట్లో నానబెట్టి తనే ఉతుక్కుంటోంది, ఇన్నేళ్ళలో తన గుడ్డ తను ఉతికిన పిల్ల కాదు. పదిహేను రోజుల కిందట బస్సు మెట్టు జారిందని కుంటుతూ వచ్చింది, చూపించవే పసుపు రాస్తానంటే అక్కడే ఆయింట్‌మెంటు రాసేరమ్మా అని దుప్పటి కప్పుకుని పడుకుంది. అక్కడే అంటే ఎక్కడ? రాసేరంటే ఎవరు? ఎవడో ఉన్నాడు. సముద్రం వైపు తీసుకెళ్తున్నాడు, ఓడలరేవో అంతర్వేదో, ఇసకలో కూర్చోబెట్టి కబుర్లు చెబుతున్నాడు. ఇప్పుడు కూడా సైకిలు వంకతో వాడి దగ్గరికే వెళ్ళి ఉంటుంది. ఇలా అనుకుంటుండగానే ఒళ్ళో ఫోను వణికింది.

పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది, కూడబలుక్కుని చదివింది. సీమోను. అనుకున్నంతా అయింది. ఎత్తకూడదనుకుంది, ఎత్తింది, మాట్లాడకుండా చెవి దగ్గర పెట్టుకుంది.

"శ్రీగారూ, సైకిలు తీసేరా అండి?" ముసలి గొంతు. దగ్గు. వెనక ఏవో మోటార్లు నీళ్ళు చిమ్ముతున్న హోరు. "ఎల్లిన కాణ్ణించీ అదే అనుకుంటన్నానండి. పెద్ద సైజు తీసేకండి. మళ్ళీ మా మనవడి సైకిలు మీంచి పడ్డట్టు పడతారు. కుట్లు విప్పించేసేరా?"

"నేను వాళ్ళమ్మనండి," అంది భవానీదేవి.

మోటార్ల హోరు కాస్త దూరమైంది, ఫోను పట్టుకుని పక్కకి నడిచినట్టున్నాడు.

"ఆయ్," అన్నాడు. "నమస్కారమండి అమ్మగారూ. నేను చెరువుల కాడ సూపర్‌వైజర్నండి. మీకు తెలుసనుకున్నానండి."

"ఏం తెలుసనుకున్నారు?"

"ట్రైనింగు సంగతండి. నెలబట్టీ ఇక్కడే తిరుగుతన్నారు కదండీ. బాగా నేర్చుకున్నారండి. మొదట్లో నీళ్ళు చిలికే ఏరియేటరు శబ్దానికి ఉలిక్కిపడేవోరు, ఇప్పుడు మాకే చెబుతన్నారు ఏ చెరువులో నీళ్ళు తేడాగా ఉన్నాయో."

"ఎన్ని కుట్లు?"

"మూడండి. మోకాలికి. మా ఆవిడే ఆసుపత్రికి తీసుకెళ్ళింది." మళ్ళీ దగ్గు. "తప్పు పాపది కాదండి, సైకిలుదండి. గట్టు మీద ఆపాలంటే కాలు కింద ఆనాలి. ఆ సైకిలు ఎత్తు, ఆవిడ కాలు అందలేదు, పక్కకి ఒరిగిపోయింది. సీటు మీంచి ముందుకి దిగి కడ్డీకి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే రెండు మడమలూ నేలకి ఆనాలండి. వేళ్ళ మీద నిలబడితే అది ఆవిడ సైకిలు కాదన్నమాట. షాపోళ్ళు సీటు దించేస్తే సరిపోద్దంటారు, నమ్మకండి. సీటు దిగుతాది, కడ్డీ దిగదు కదండీ."

"వెనక స్ప్రింగు లేదండి దీనికి," అంది భవానీదేవి. ఎందుకందో తనకే తెలీదు.

"వద్దండి వెనక స్ప్రింగు. మా ఉప్పు గాలికి మూణ్ణెల్లకి పట్టేస్తాది."

"చెరువు ఎంత లోతండి?"

"ఛాతీ దాకా అండి," అన్నాడు సీమోను. ఆ తర్వాత, అడక్కుండానే, మెల్లగా, "ఆవిడ ఎప్పుడూ ఒక్కరే ఉండరండి. నేనుంటాను," అన్నాడు.

ఫోను పెట్టేశాక కూడా చెవి దగ్గరే ఉంచుకుంది. నెలరోజులు. నెలరోజులుగా ఆరున్నర బస్సు కదలగానే దేవుడి ముందు దీపం పెట్టి అమలాపురం రోడ్డులో ఉన్న మలుపులన్నీ పేరుపేరునా తలుచుకుని దణ్ణం పెట్టింది, భట్నవిల్లి మలుపు, వంతెన, బస్టాండులో రివర్సొచ్చే బస్సులు. పిల్ల రోడ్డుకి అవతలివైపు నిలబడి ఎదురు బస్సెక్కి వేరే దిక్కుకి వెళ్ళింది. భయమంతా తప్పు రోడ్డు మీద పోసింది తను. ఏ చోటికి పిల్లని ఈ జన్మలో పంపకూడదనుకుందో అక్కడే అది ముప్పై రోజులు తిరిగింది, పడింది, కుట్లు వేయించుకుంది, సాయంత్రానికి ఇంటికొచ్చి పప్పుచారు పోసుకుని తింది. తనేమో ఎదురుగా కూర్చుని ఇంకొంచెం వెయ్యనా అని అడిగింది. కోపం వచ్చింది, అరికాళ్ళ నుంచి వచ్చింది. అబద్ధాలకోరు. ఇక వంకలు వెతకనక్కర్లేదు, చేతిలోకి కావలసినంత కారణం వచ్చింది, ఇంటికి పద అంటే చాలు, ఎవరూ తప్పు పట్టరు, సత్తిబాబు కూడా నోరెత్తడు. ఆ మాట నోటిదాకా తెచ్చుకుని చూసుకుంది కూడా. కానీ దాని వెనకాలే మూడు కుట్లు వస్తున్నాయి. ఎవరో ఒకావిడ ఆసుపత్రిలో దాని చెయ్యి పట్టుకుంది. సూది దిగినప్పుడు అమ్మా అనే ఉంటుంది, అందరూ అంటారు, అని ఆ తర్వాత అమ్మకి చెప్పకూడదనుకుంది. ఎందుకు చెబుతుంది? చెబితే ఏం చేసేదో ఆలోచించింది. పెరట్లో సైకిలు తుప్పు పట్టేదాకా ఉంచిన మనిషి ఏం చేసిందో అదే చేసేది.

"ఆ సైకిలు సైజెంతండి?" అని అడిగింది కామేశ్వరరావుని.

అతను తల తిప్పాడు. ఈవిడ ఇంతదాకా అడిగినవాటిలో ఇది వేరే రకం ప్రశ్న అని అతనికి తెలిసిపోయింది. "పద్దెనిమిది అంగుళాలండి. సరిపోద్దండి, సీటు కిందికి దించేస్తే..."

"కడ్డీ దిగుతుందా?"

అతను నూనె డబ్బా కింద పెట్టాడు.

పదకొండున్నర దాటాక వచ్చింది దుర్గాశ్రీ. మొహం ఎర్రగా, వీపు మీద నడుము నుంచి మెడ దాకా బురద చుక్కల వరస. "అమ్మా, బావుందే! నల్లవంతెన దాటి కాలవ గట్టెక్కేను, గతుకుల్లో కూడా హ్యాండిలు కొట్టడం లేదు, బ్రేకు నొక్కితే..."

"దిగకు," అంది భవానీదేవి. "సీటు మీంచి ముందుకి జరిగి అలాగే నిలబడు. కడ్డీకి అటో కాలు, ఇటో కాలు."

పిల్ల అర్థం కాక నిలబడింది. భవానీదేవి బ్యాగూ ఫోనూ స్టూలు మీద పెట్టి గ్రీజు మరకల గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. కుడి చెయ్యి చాపి దుర్గాశ్రీ మడమ కిందికి పోనిచ్చింది. నాలుగు వేళ్ళూ దూరాయి, అరచెయ్యి కూడా.

"ఇది వద్దు."

"నాకు తెలుసు," అంది పిల్ల. "నాకు తెలుసమ్మా! స్టాండు లేదంటావు, రంగు పోయిందంటావు, నువ్వసలు ఏదీ కొననివ్వవు, సోమవారం దాటిపోయేదాకా ఇలాగే తిప్పుతావు నన్ను..."

"ఇంతకన్నా చిన్న సైజుందా అండీ?" అంది భవానీదేవి, గచ్చు మీంచే, షాపాయనతో. "పదిహేనో, పదహారో."

దుర్గాశ్రీ స్టూలు మీది ఫోనుకేసి చూసింది. అమ్మకేసి చూసింది.

"పైనొకటుందండి," అన్నాడు కామేశ్వరరావు. "పదిహేను. సామానంతా ఇదేనండి, అదే స్ప్రింగు, అవే గేర్లు. చిలకపచ్చ రంగండి, ఎవరూ తీసుకోవట్లేదు. వెయ్యి తగ్గిస్తానండి."

"ఎందుకు తగ్గిస్తారు? ఏమైంది దానికి?"

"రంగేనండీ తల్లీ, రంగే," అంటూ నిచ్చెనెక్కాడు.

అది నిజంగానే చిలకపచ్చ, చూస్తే కళ్ళు పోయేంత. భవానీదేవి చైను చూసింది, గొట్టాలు చూసింది, టైర్లు నొక్కింది, ఎక్కమంది. పిల్ల ఎక్కి, ముందుకి దిగి నిలబడింది. మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని ఒక మడమ కింద వేలు పెట్టి చూసింది, రెండో మడమ కింద చిటికెన వేలి గోరు పెట్టి చూసింది. దూరలేదు. బురద చెప్పు నేలకి అతుక్కుపోయి ఉంది. లేవకుండా అలాగే ఉండిపోయింది కాసేపు, కళ్ళకెదురుగా పిల్ల మోకాలు, దాని మీద చుడీదారు తెల్ల గుడ్డ.

"కుట్లెప్పుడు విప్పేరు?" అంది తలెత్తకుండా.



"మంగళవారం," అంది దుర్గాశ్రీ.

భవానీదేవి లేచింది. గ్రీజు చేతిని చీర చెంగుకే తుడిచేసుకుంది. "చూడండీ," అంది కామేశ్వరరావుతో, "సోమవారం పొద్దున్నకి ఇది చెరువు గట్టు మీద తిరగాలి. ముందూ వెనకా మడ్‌గార్డులు వెయ్యండి, బెల్లు పెట్టండి. బ్రేకులు నిజంగా పడతాయో లేదో నా కళ్ళెదురుగా చూపించండి. పిల్లని ఎక్కించకండి, మీరెక్కి తొక్కండి. నేను చూస్తాను."